పోలో 1.0 టీఎస్‌ఐకి డౌన్‌పైప్ మార్చాలా వద్దా? ఒక బండి కేస్ స్టడీ

బండి 2021 మోడల్ ఫోక్స్‌వ్యాగన్ పోలో, 1.0 టీఎస్‌ఐ (టర్బో పెట్రోల్ ఇంజిన్), ఆరు గేర్ల మాన్యువల్. కంపెనీ లెక్క ప్రకారం పవర్ 110 పీఎస్, టార్క్ 175 ఎన్‌ఎం. తిరిగింది యాభై వేల కిలోమీటర్ల లోపే. మా వర్క్‌షాప్‌కి రాకముందే ఇంకోచోట స్టేజ్ 1 మ్యాప్ (పవర్ పెంచడానికి ఇంజిన్ కంప్యూటర్‌లో మార్చే సెట్టింగులు) వేయించి, ఎయిర్ ఫిల్టర్‌తో పాటు ఇన్‌టేక్ పైపులు కూడా మార్పించారు. నడిపే అబ్బాయికి ఇరవై ఎనిమిదేళ్లుంటాయి. గచ్చిబౌలిలో ఉద్యోగం. వారమంతా ఆఫీసు ట్రాఫిక్, సెలవు దొరికితే శ్రీశైలం ఘాట్.

"అన్నా, నాలుగున్నర వేల ఆర్‌పీఎం దాటాక బండి లాగట్లేదు. వెనక సైలెన్సర్ నొక్కేస్తోంది. డౌన్‌పైప్ వేసేద్దాం" అన్నాడు. చేతిలో ఒక షాపు ఇచ్చిన కొటేషన్ ఉంది. క్యాట్ (పొగని శుభ్రం చేసే భాగం) లేని డౌన్‌పైప్, దాని వెనక బంపర్ దాకా పూర్తి స్టీల్ క్యాట్‌బ్యాక్, ఆ రెండింటికీ తగ్గ స్టేజ్ 2 మ్యాప్. మొత్తం కలిపి లక్ష దాటింది. అతని దగ్గర డబ్బు సిద్ధంగా ఉంది, మా దగ్గర లిఫ్ట్ ఖాళీగా ఉంది. విప్పి బిగించడానికి ఒక రోజు చాలు.

నేను ఒక్కటే అడిగాను, ముందు కొలుద్దామా అని. ఈ పనిలో ఇన్నేళ్లుగా గమనించింది ఏమిటంటే, ఎగ్జాస్ట్ మార్చాలని వచ్చేవాళ్లలో ఎక్కువమంది బండి లక్షణం సరిగ్గానే చెబుతారు, కారణం మాత్రం ముందే నిర్ణయించుకుని వస్తారు. లక్షణం చెప్పడం ఓనర్ పని, కారణం వెతకడం మన పని.

ఈ ఇంజిన్‌లో ఎగ్జాస్ట్ ఎలా ఉంటుంది

తెలిసినవాళ్లు ఈ భాగం దాటేయొచ్చు. టర్బో బండిలో సిలిండర్ల నుంచి వచ్చే వేడి పొగ ముందు టర్బైన్ చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకి రెండో చివర ఉన్న కంప్రెసర్ చక్రం గాలిని నొక్కి ఇంజిన్‌లోకి పంపుతుంది. టర్బైన్ దాటిన పొగ బయటికొచ్చే మొదటి పైపే డౌన్‌పైప్. క్యాటలిటిక్ కన్వర్టర్, అంటే క్యాట్, ఉండేది అక్కడే. దాని తర్వాత నడిమి పైపు, శబ్దం తగ్గించే రెజొనేటర్, వెనక మఫ్లర్ (సైలెన్సర్). క్యాట్ నుంచి వెనక్కి ఉన్నదంతా కలిపి క్యాట్‌బ్యాక్ అంటాం.

పోలోలోని ఈఏ211 కుటుంబం ఇంజిన్‌కి ఒక ప్రత్యేకత ఉంది. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ విడి భాగంగా ఉండదు, సిలిండర్ హెడ్‌లోనే పోతపోసి ఉంటుంది. దాని చుట్టూ కూలెంట్ తిరుగుతుంది. టర్బో నేరుగా హెడ్‌కే బిగుస్తుంది, క్యాట్ టర్బోని ఆనుకుని ఉంటుంది. అందువల్ల పాత టర్బో బండ్లలో లాగా మానిఫోల్డ్ మార్చే అవకాశం ఇక్కడ లేదు. మార్చగలిగిందంతా టర్బైన్ తర్వాతి భాగమే.

టర్బైన్ తిరగడానికి కావాల్సింది ముందున్న ఒత్తిడికీ వెనకున్న ఒత్తిడికీ మధ్య తేడా. వెనక ఒత్తిడి ఎక్కువుంటే అదే వేగం కోసం ఇంజిన్ ముందు వైపు ఇంకా గట్టిగా నెట్టాలి. ఆ నెట్టుడంతా పిస్టన్ల మీద పడే భారమే. సిలిండర్లో కాస్త వేడి పొగ మిగిలిపోతుంది, దానివల్ల నాక్ (పెట్రోల్ మిశ్రమం అదుపు తప్పి పేలడం) కూడా పెరుగుతుంది. "కొంచెం బ్యాక్ ప్రెషర్ ఉండాలి, లేకపోతే పికప్ పోతుంది" అనే మాట మెకానిక్ షెడ్లలో ఇప్పటికీ వినిపిస్తుంది. టర్బో లేని ఇంజిన్లలో పైపు పొడవు, లావు మారితే పొగ తరంగాల టైమింగ్ చెడి కింది ఆర్‌పీఎంలో టార్క్ పడిపోతుంది. జనం దాన్ని చూసి బ్యాక్ ప్రెషర్ అవసరమని అనుకున్నారు. టర్బైన్ దాటాక మాత్రం ఒత్తిడి ఎంత తగ్గితే అంత మంచిది. కాబట్టి అబ్బాయి చెప్పిన సిద్ధాంతంలో తప్పులేదు. తేలాల్సింది, అతని బండిలో ఆ ఒత్తిడి ఎంత ఉంది, ఎక్కడ ఉంది అన్నది.

ఇంకో లెక్క కూడా మనసులో పెట్టుకోవాలి. పైపులో ఒత్తిడి నష్టం దాదాపుగా ప్రవాహానికి వర్గంలో పెరుగుతుంది. 110 పీఎస్ దగ్గర సరిపోయిన పైపులోంచి 135 పీఎస్‌కి సరిపడా పొగ పోవాలంటే ప్రవాహం ఇంచుమించు 23 శాతం పెరుగుతుంది, ఒత్తిడి నష్టం 50 శాతం పెరుగుతుంది. కంపెనీ ఎగ్జాస్ట్ కంపెనీ మ్యాప్‌కి సరిపోతుంది, పెద్ద మ్యాప్‌కి చాలదు అనే మాటకి ఆధారం ఇదే. అందుకే స్టేజ్ 1 వేసిన బండి అంటే నేను ఎగ్జాస్ట్ అనుమానాన్ని తోసిపుచ్చను.

మొదటి లాగ్

తెల్లవారుజామున ఔటర్ రింగ్ రోడ్డు మీద, ఏసీ ఆపి, మూడో గేర్‌లో 2,000 నుంచి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి లాగ్ (ఇంజిన్ అంకెల రికార్డు) తీశాం. అక్కడ వేగ పరిమితి 120 కాబట్టి 5,000 ఆర్‌పీఎం దాటనివ్వలేదు. చూసిన అంకెలు: ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) అడిగిన బూస్ట్ (టర్బో నొక్కిన గాలి ఒత్తిడి), నిజంగా వచ్చిన బూస్ట్, వేస్ట్‌గేట్ (పొగని టర్బైన్ పక్కనుంచి పంపే తలుపు) ఎంత తెరిచి ఉంది, ఒక్కో సిలిండర్లో ఇగ్నిషన్ ఎంత వెనక్కి పోతోంది (నాక్ వస్తే ఈసీయూ స్పార్క్‌ని ఆలస్యం చేస్తుంది), లోపలికి వెళ్లే గాలి వేడి, ల్యాంబ్డా (గాలి, పెట్రోల్ పాళ్లు).

ఈసీయూ 2.15 బార్ అడుగుతోంది. ఇది వాతావరణ ఒత్తిడితో కలిపి చెప్పే అంకె. 3,800 దాకా ఎలాగో దగ్గరికి వచ్చింది, తర్వాత 1.9 దగ్గర ఆగిపోయింది. వేస్ట్‌గేట్ పూర్తిగా మూసుకుని ఉంది. అంటే పొగ మొత్తం టర్బైన్ మీదుగానే పోతోంది, అయినా బూస్ట్ రావట్లేదు. రెండో సిలిండర్లో ఇగ్నిషన్ ఆరు డిగ్రీలు వెనక్కి పోతోంది.

ఈ అంకెలు మాత్రమే చూస్తే ఎవరైనా ఎగ్జాస్ట్ మూసుకుపోయిందనే అంటారు. వెనక దారి ఇరుకైతే కనిపించే లక్షణాలు సరిగ్గా ఇవే. ఇక్కడే జాగ్రత్త పడాలి. నొక్కిన గాలి ఇంజిన్‌కి చేరకముందే ఎక్కడో లీకవుతుంటే కూడా ఇవే లక్షణాలు వస్తాయి. కంప్రెసర్ ఎంత తిరిగినా కొంత గాలి బయటికే పోతుంది. ఈసీయూ వేస్ట్‌గేట్ ఇంకా మూసి టర్బోని ఇంకా వేగంగా తిప్పుతుంది. ఎక్కువ తిరిగిన కంప్రెసర్ గాలిని ఇంకా వేడెక్కిస్తుంది, వేడి గాలికి నాక్ వస్తుంది, నాక్‌కి ఇగ్నిషన్ వెనక్కి పోతుంది. డ్రైవర్ సీట్లో కూర్చున్న మనిషికి రెండింటికీ తేడా తెలియదు.

హైదరాబాద్ బండ్లకి ఇంకో విషయం కలుస్తుంది. ఊరు సముద్రమట్టానికి అయిదు వందల మీటర్లకు పైనే ఉంది, ఇక్కడ వాతావరణ ఒత్తిడి 0.95 బార్ చుట్టూ ఉంటుంది. విశాఖ బీచ్ రోడ్డు మీద 2.15 బార్ ఇవ్వడానికి కంప్రెసర్ గాలిని 2.13 రెట్లు నొక్కితే చాలు, ఇక్కడ 2.26 రెట్లు నొక్కాలి. చిన్న టర్బోకి ఆ తేడా చిన్నదేం కాదు. యూరప్‌లో సముద్రమట్టం దగ్గర, చల్లటి గాలిలో తయారైన మ్యాప్‌ని అలాగే తెచ్చి మే నెలలో ఇక్కడ నడిపితే టర్బో ఎప్పుడూ అంచు మీదే ఉంటుంది.

లీక్

ఇన్‌టేక్ మూతి మూసి, పైపుల్లోకి గాలి, పొగ పంపి పరీక్ష చేశాం. 0.3 బార్ దగ్గర ఏమీ లేదు, పొగ జాడ కూడా లేదు. చాలాచోట్ల పరీక్ష ఇక్కడితో ఆపేసి "లీక్ లేదు" అని రాసేస్తారు. నెమ్మదిగా 1 బార్ దాకా పెంచితే సన్నగా బుస్సుమన్న శబ్దం మొదలైంది. కంప్రెసర్ నుంచి త్రాటిల్ వైపు వెళ్లే గొట్టం మొదట్లో, కింది వైపు. పైనుంచి చూస్తే అంతా బాగానే ఉంది. అద్దం పెట్టి కిందనుంచి చూస్తే గొట్టం కింద నూనె తడికి ధూళి అంటుకుని వేలెడంత నల్లటి చార కనిపించింది. సబ్బు నీళ్లు చల్లితే అక్కడే బుడగలు. ఇన్‌టేక్ పైపులు మార్చినప్పుడు ఎవరో క్లాంప్‌ని గొట్టం చివరి గట్టు మీదికి ఎక్కించి బిగించారు. ఒత్తిడి లేనప్పుడు అది సరిగ్గానే కూర్చుంటుంది. ఒత్తిడి పెరిగితే గొట్టం అంచు లేచి దారి ఇస్తుంది, తగ్గగానే మళ్లీ మూసుకుంటుంది.

గొట్టం చివర నలిగింది, అందుకే గొట్టం, క్లాంప్ రెండూ కొత్తవి వేశాం. స్పార్క్ ప్లగ్‌లు విప్పి చూస్తే గ్యాప్ పెరిగి ఉంది, వాటినీ మార్చాం. పెట్రోల్ సంగతి అడిగితే, ఏ బంకు దగ్గరుంటే అక్కడ మామూలు పెట్రోలే కొట్టిస్తున్నానన్నాడు. స్టేజ్ 1 మ్యాప్ 95 ఆక్టేన్ పెట్రోల్‌కి (నాక్‌ని ఎక్కువ తట్టుకునేది) రాసింది. ఈ మాట అతనికి ఆ రోజు ఎవరూ చెప్పలేదట. ట్యాంకు దాదాపు ఖాళీ అయ్యాక 95 పోయించి, కొంచెం తిరిగి రమ్మన్నాం.

అదే రోడ్డు, అదే గేరు, అదే సమయంలో రెండో లాగ్. 2.15 బార్ 4,600 దాకా గట్టిగా నిలబడింది, 5,000 దగ్గర 2.05కి దిగింది. వేస్ట్‌గేట్ 4,500 దాకా కాస్త తెరుచుకునే ఉంది, అంటే టర్బో దగ్గర ఇంకా మిగులు ఉంది. ఇగ్నిషన్ వెనక్కి పోవడం రెండు మూడు డిగ్రీలకి తగ్గింది. నాలుగో గేర్‌లో 60 నుంచి 100కి అంతకుముందు ఏడు సెకన్లు దాటేది, ఇప్పుడు ఆరున్నర లోపు వస్తోంది. నల్గొండ రోడ్డు మీద లారీని దాటేటప్పుడు ఉపయోగపడేది ఈ అంకె. పీక్ పవర్ అంకె అక్కడ పెద్దగా పనికిరాదు.

ఇక్కడితో ఫిర్యాదు తీరిపోయినట్టే. కానీ అబ్బాయి అడిగిన ప్రశ్న ఇంకా అలాగే ఉంది: "ఇప్పుడు డౌన్‌పైప్ కూడా వేస్తే ఇంకెంత బాగుంటుంది?" న్యాయమైన ప్రశ్న. పై ఆర్‌పీఎంలో 2.05కి దిగడం కూడా కనిపిస్తూనే ఉంది. అందుకే ఒత్తిడి కొలిచాం.

క్యాట్‌కి ముందు, క్యాట్ తర్వాత

ఈ బండిలో ముందు ఆక్సిజన్ సెన్సార్ టర్బైన్‌కీ క్యాట్‌కీ మధ్య ఉంటుంది, రెండోది క్యాట్ తర్వాత. రెండో సెన్సార్ తీసి దాని చోట గేజ్ పెట్టడం సులువు, మహా అయితే చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంది, తర్వాత చెరిపేయొచ్చు. ముందు సెన్సార్ తీస్తే ఇంజిన్ మిశ్రమం లెక్క తప్పుతుంది, ఆ స్థితిలో కొలిచిన అంకెకి విలువ లేదు. అందుకని సెన్సార్ తన పని తాను చేసుకుంటూ ఉండేలా, పక్కన సన్నటి రంధ్రం ఉన్న అడాప్టర్ బాలానగర్‌లో లేత్ మీద చేయించాం. పొగ వేడి ఎనిమిది తొమ్మిది వందల డిగ్రీలు ఉంటుంది కాబట్టి అక్కడి నుంచి పొడవాటి రాగి ట్యూబ్ చుట్టలుగా తిప్పి గేజ్‌కి కలిపాం. రబ్బరు గొట్టం నేరుగా తగిలిస్తే అరనిమిషంలో కాలిపోతుంది.

5,000 ఆర్‌పీఎం, పూర్తి యాక్సిలరేటర్: క్యాట్‌కి ముందు 0.27 బార్, క్యాట్ తర్వాత 0.09 బార్. రెండూ వాతావరణం కంటే ఎంత ఎక్కువో చెప్పే అంకెలు.

ఈ రెండు అంకెల్లోనే మొత్తం నిర్ణయం ఉంది. మొత్తం అడ్డంకిలో మూడింట రెండు వంతులు క్యాట్ దగ్గరే ఉంది. నడిమి పైపు, రెజొనేటర్, వెనక మఫ్లర్ అన్నీ కలిపి మిగతా ఒక వంతు. అంటే కొటేషన్‌లో ఎక్కువ డబ్బు పోయే క్యాట్‌బ్యాక్ తగ్గించగలిగేది ఆ 0.09లో ఓ సగం. దానికి రెండు మూడు పీఎస్ కంటే వస్తాయని నేను చెప్పలేను, రోడ్డు మీద అది తెలియదు కూడా.

క్యాట్ తీసేస్తే సంగతి వేరు. కంపెనీ క్యాట్‌బ్యాక్ ఉంచి, క్యాట్ లేని పైపు వేస్తే ముందు ఒత్తిడి 0.13 దగ్గరికి వస్తుందని అంచనా వేశాను. మన 0.95 వాతావరణంతో కలిపితే టర్బైన్ వెనక ఒత్తిడి 1.22 నుంచి 1.08కి దిగుతుంది. టర్బైన్ ముందు ఇప్పుడు 2.4 ఉందనుకుంటే నిష్పత్తి 1.97. అదే నిష్పత్తి 1.08 మీద రావాలంటే ముందు 2.12 చాలు. ఇంజిన్ నెట్టాల్సిన ఒత్తిడి 0.28 బార్ తగ్గుతుంది. ఇది నిజమైన లాభం. బూస్ట్ కొంచెం ముందే వస్తుంది, పైన 2.05కి దిగడం ఆగుతుంది, నాక్ తగ్గుతుంది. మ్యాప్ దానికి తగ్గట్టు మారిస్తే పైన ఎనిమిది పది పీఎస్ దొరుకుతాయి. అంతకు మించి దొరకవు, ఎందుకంటే తర్వాతి గొంతు ఇరుకు టర్బైనే. 1,750 ఆర్‌పీఎం నుంచే పూర్తి టార్క్ రావాలని పెట్టిన చిన్న చక్రం అది. దాని వెనక ఎంత పెద్ద పైపు వేసినా చక్రం పెద్దదైపోదు.

అబ్బాయికి కాగితం మీద ఇదంతా వేసి చూపించాను. మార్చుకోగలిగిన భాగంలో లాభం లేదు, లాభం ఉన్న భాగాన్ని తీయకూడదు. ఈ బండి విషయంలో సంగతి ఇంతే.

క్యాట్ ఎందుకు తీయకూడదు

కొందరు దీన్ని చలాన్ భయంగా మాత్రమే చూస్తారు. నేను ముందు గాలి గురించి చెబుతాను. క్యాట్ లోపల తేనెపట్టు లాంటి సన్నటి గదుల గోడల మీద ప్లాటినం, పల్లాడియం, రోడియం పూత ఉంటుంది. అది వేడెక్కాక కార్బన్ మోనాక్సైడ్, కాలని హైడ్రోకార్బన్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు, ఈ మూడింటిలో తొంభై శాతానికి పైగా మార్చేస్తుంది. తొంభై శాతం ఆపేదాన్ని తీసేస్తే బయటికి వచ్చే విషం పది రెట్లవుతుంది. ఒక బండి పది బండ్ల పొగ వదులుతుంది. ఈ అబ్బాయి ఉండేది అపార్ట్‌మెంట్‌లో, పార్కింగ్ సెల్లార్‌లో. వాచ్‌మన్ కుటుంబం కూడా ఆ సెల్లార్‌లోనే ఓ మూల గదిలో ఉంటుందని మాటల్లో తెలిసింది. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, రంగు ఉండదు. క్యాట్ లేని బండి రోజూ ఆ మూసిన చోటికి వచ్చి ఆగి, రెండు మూడు నిమిషాలు ఇంజిన్ నడుస్తూ ఉండటం నా చేతుల మీదుగా జరగకూడదు.

చట్టం కూడా స్పష్టంగానే ఉంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి విరుద్ధంగా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. 2019 సవరణతో వచ్చిన 182ఏ(4) ప్రకారం అనుమతి లేని మార్పు చేయించిన ఓనర్‌కి ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. కాలుష్యం, శబ్దం పరిమితులు దాటితే 190(2) కింద 10,000 దాకా జరిమానా, మూడు నెలలు లైసెన్స్‌కి అనర్హత. సైలెన్సర్లని రోడ్డు మీద పరిచి రోలర్‌తో తొక్కించడం మన నగరాల్లో అందరం చూసిందే. అవి ఎక్కువగా బుల్లెట్ బండ్లవే అయినా చట్టం కారుకీ అదే.

ఇక్కడ అబ్బాయి ఒక మాట అన్నాడు. ఆర్‌సీ నాన్నగారి పేరు మీద ఉందట. చట్టం శిక్షించేది ఓనర్‌ని. ఇన్సూరెన్స్ కూడా ఆయన పేరు మీదే. కంపెనీకి చెప్పకుండా చేసిన మార్పు వల్ల రేపు క్లెయిమ్ దగ్గర గొడవైతే నిలబడాల్సింది ఆయనే. "మీ నాన్నగారిని అడిగావా?" అన్నాను. అడగలేదు. ఆ తర్వాత కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

పొల్యూషన్ సర్టిఫికెట్ సంగతి అయితే ఇంకా తొందరగా తేలిపోతుంది. కొత్త పెట్రోల్ కార్లకి ఐడిల్‌లో కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం దాటకూడదు. క్యాట్ లేకుండా ఆ అంకె నిజాయితీగా రావడం కష్టం. నిజాయితీ లేకుండా తెచ్చుకునే దారుల గురించి నేను మాట్లాడను.

మధ్యేమార్గంగా స్పోర్ట్స్ క్యాట్ ఉంది కదా అని అడుగుతారు. లోహపు గదులు, చదరపు అంగుళానికి 200. కంపెనీ క్యాట్‌లలో మామూలుగా 400 నుంచి 600 ఉంటాయి. గదులు తగ్గితే దారి సులువవుతుంది, శుభ్రం చేసే ఉపరితలం కూడా తగ్గుతుంది. ఈ బండికి అనుమతి ఉన్న స్పోర్ట్స్ క్యాట్ ఇక్కడ దొరకదు. వేస్తే చాలాసార్లు రెండో సెన్సార్ పట్టేసి పీ0420 కోడ్‌తో లైటు వెలిగిస్తుంది. ఆ లైటు రాకుండా మ్యాప్‌లో ఆ పరీక్షనే ఆపేస్తారు. అలా ఆపేశాక రేపు నిజంగా క్యాట్ పాడైనా చెప్పేవాళ్లుండరు. అందుకే మా దగ్గర ఆ పరీక్ష ఆపము.

మిగతా రెండు విషయాలు

క్లచ్. 175 ఎన్‌ఎం బండి కోసం వేసిన క్లచ్ మీద స్టేజ్ 1 ఇప్పటికే అదనపు భారం వేసింది. అయిదో గేర్‌లో 2,000 దగ్గర గట్టిగా తొక్కి చూశాం, జారడం లేదు. స్టేజ్ 2 మ్యాప్‌లు సాధారణంగా మధ్య ఆర్‌పీఎంలో టార్క్ ఇంకా పెంచుతాయి. కొటేషన్‌లో క్లచ్ ఖర్చు లేదు. ఏడాదికో ఏడాదిన్నరకో అది కూడా కట్టాల్సి వచ్చేది.

శబ్దం గురించి అబ్బాయి చివర్లో కొంచెం మొహమాటంగా అడిగాడు. సౌండ్ బాగుండాలనుకోవడంలో తప్పేం లేదు, కార్లంటే ఇష్టమున్నవాళ్లందరికీ ఉండే కోరికే. కానీ ఇది మూడు సిలిండర్ల ఇంజిన్. రెండు చుట్లకి మూడుసార్లు పేలుతుంది. 2,400 ఆర్‌పీఎం దగ్గర, అంటే హైవే మీద గంటల తరబడి ఉండే చోట, సెకనుకి 60 సార్లు. మఫ్లర్, రెజొనేటర్ తీసేస్తే ఆ 60 హెర్ట్జ్ మోత క్యాబిన్‌లో గుమ్మని నిండుతుంది. శ్రీశైలం వెళ్లి వచ్చేసరికి తలనొప్పి వస్తుంది, వెనక సీట్లో అమ్మ కూర్చుంటే సగం దారిలోనే ఆపమంటుంది. నాలుగు సిలిండర్ల బండి వీడియోలో విన్న శబ్దం ఇందులోంచి రాదు.

తేల్చిన సంగతి

డౌన్‌పైప్ వద్దు, క్యాట్‌బ్యాక్ వద్దు, స్టేజ్ 2 వద్దు. కంపెనీ ఎగ్జాస్ట్ అలాగే ఉంది. దాని మీద చేసిన పని ఒకటే. నడిమి పైపు రబ్బరు హ్యాంగర్ ఒకటి పగిలి ఉంటే మార్చాం. స్టేజ్ 1 మ్యాప్ వేసినవాళ్లతో మాట్లాడి 4,600 తర్వాత అడిగే బూస్ట్‌ని 2.05కి తగ్గించమని చెప్పాం, టర్బో ఎలాగూ అంతకంటే ఇవ్వట్లేదు కాబట్టి. అడిగింది ఇవ్వలేక వేస్ట్‌గేట్ పూర్తిగా మూసుకుని టర్బో వృథాగా తిరగడం దాంతో ఆగింది. ఆ మ్యాప్ కూడా కంపెనీ ఇచ్చింది కాదు కదా అని ఎవరైనా అడిగితే నిజమే. వెనక్కి కంపెనీ మ్యాప్‌కి పోవడం అన్నిటికంటే మంచిదని అతనికి చెప్పాను. ఇన్సూరెన్స్ వాళ్లకి తెలియజేయమనీ చెప్పాను. అది అతని నిర్ణయం.

మిగిలిన డబ్బులో కొంత పెట్టి నాలుగు మంచి టైర్లు, ముందు బ్రేక్ ప్యాడ్లు వేయించుకున్నాడు. పాత టైర్లకి గాడి ఉంది కానీ రబ్బరు గట్టిపడింది. ఘాట్ రోడ్డు మలుపుల్లో ఎనిమిది పీఎస్ కంటే ఇవే ఎక్కువ తేడా చూపిస్తాయి. శబ్దం విషయంలో మాత్రం అతను పూర్తిగా సంతృప్తిగా వెళ్లలేదు. దానికి నా దగ్గర మందు లేదు.

ప్రతి బండికీ నా జవాబు ఇదే అనుకోవద్దు. మిస్‌ఫైర్ (సిలిండర్లో పెట్రోల్ సరిగ్గా అంటుకోకపోవడం) చాలాకాలం పట్టించుకోకుండా నడిపితే కాలని పెట్రోల్ వెళ్లి క్యాట్ లోపలి తేనెపట్టు కరిగి ముద్దకట్టేస్తుంది. అప్పుడు ముందు ఒత్తిడి ఐడిల్‌లోనే తెలిసిపోతుంది, కొత్త కంపెనీ క్యాట్ వేయాల్సిందే. ఫ్లెక్స్ జాయింట్ (ఎగ్జాస్ట్ పైపులో వంగే భాగం) చిరిగితే వెంటనే మార్చాలి, లేకపోతే పొగ క్యాబిన్‌లోకి వస్తుంది. ట్రెయిలర్ మీద కోయంబత్తూరు కరి స్పీడ్‌వేకో, చెన్నై దగ్గరి ఇరుంగట్టుకోట్టై సర్క్యూట్‌కో వెళ్లి అక్కడే పరిగెత్తి తిరిగొచ్చే బండికి, అందులోనూ పెద్ద టర్బో వేసినదానికి, పెద్ద పైపు వేయడానికి నాకు అభ్యంతరం లేదు. ఆ బండికి పొల్యూషన్ సర్టిఫికెట్, సెల్లార్ పార్కింగ్ సమస్యలు ఉండవు. పెద్ద టర్బో ఇచ్చే ప్రవాహానికి కంపెనీ పైపు నిజంగానే చాలదు.

మిగతా వాళ్లు డౌన్‌పైప్ కోసం ఎవరి దగ్గరికి వెళ్లినా, డబ్బు కట్టే ముందు మూడు కాగితాలు అడగండి: అడిగిన బూస్ట్, వచ్చిన బూస్ట్, వేస్ట్‌గేట్ కలిసి ఉన్న లాగ్; 1 బార్ దాకా చేసిన లీక్ పరీక్ష ఫలితం; క్యాట్‌కి ముందూ వెనకా కొలిచిన ఒత్తిడి. మూడో కాగితం ఇవ్వలేమంటే ఆ షాపు పైపు అమ్ముతోందే తప్ప మీ బండిని చూడట్లేదు.

ఈ పోలో ఫైల్‌లో 0.27, 0.09 అని రాసి పెట్టాం, ఆ రోజు వాతావరణ ఒత్తిడి, గాలి వేడితో సహా. అడాప్టర్ కూడా డబ్బాలో పేరు రాసి దాచాం. లక్ష కిలోమీటర్ల సర్వీసుకి వచ్చినప్పుడు మళ్లీ అదే గేర్‌లో, అదే ఆర్‌పీఎం దగ్గర కొలుస్తాం. ముందు అంకె 0.35 దాటి, వెనక అంకె అలాగే ఉంటే క్యాట్ మూసుకోవడం మొదలైనట్టు. అప్పుడు మార్చేది కంపెనీ క్యాటే. దాని ఖర్చు ఎంతవుతుందో ఇప్పుడే చెప్పి, కొంత పక్కన పెట్టుకోమన్నాను.